సొనోరన్ ఎడారి వసంతం: అడవిపూలు, పక్షులు

సొనోరన్ ఎడారి ఉత్తర అమెరికాలోని వేడి ఎడారుల్లో ఒకటి. అరిజోనా దక్షిణ భాగం, కాలిఫోర్నియా ఆగ్నేయ మూల, మెక్సికోలోని సొనోరా రాష్ట్రం, బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో చాలా భాగం దీని కిందికి వస్తాయి. విస్తీర్ణం సుమారు 2,60,000 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోంచి ఒక పాత జిల్లా తీసేస్తే ఎంతో, దాదాపు అంత. ఎడారి అనగానే మన కళ్ళముందు కదిలే ఇసుకతిన్నెలు ఇక్కడ కొద్దిచోట్లే కనిపిస్తాయి. ఎక్కువ భాగం రాళ్ళు, గరపనేల, ఎండిన వాగులు, వాటి మధ్య ముళ్ళచెట్లు. రెండు వేలకు పైగా మొక్కల జాతులు, మూడువందల యాభై దాకా పక్షి జాతులు ఇక్కడ నమోదయ్యాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఈ నేల మీద నడిచేవారికి కనిపించే పూలు, పిట్టలు ఈ వ్యాసానికి విషయం.

తెలుగు పాఠకులకు ఈ ఎడారి మరీ పరాయిదేమీ కాదు. ఫీనిక్స్, చాండ్లర్ ప్రాంతాల్లో ఉద్యోగాలకు వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అంతకంటే పాత చుట్టరికాలు మొక్కలవి. మన చేలగట్ల మీది నాగజెముడు అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్క. సర్కారు తుమ్మకు ఇక్కడి మెస్కీట్ చెట్టు దగ్గరి బంధువు. చూడటానికి ఏ పోలికా లేని మొక్కల మధ్య కూడా ఇలాంటి బంధుత్వాలు బయటపడతాయి. అవి వచ్చినచోట చెప్పుకుందాం.

వాన లెక్క

మనకు ఋతువులు ఆరు. సొనోరన్ ఎడారిని చదివినవాళ్ళు అక్కడ అయిదంటారు: వసంతం, వాన లేని మొదటి వేసవి, వానల రెండో వేసవి, శరత్తు, శీతాకాలం. ఇంత లెక్క రావడానికి కారణం, ఈ ఎడారికి ఏటా రెండు వానాకాలాలు ఉండటం. జూలై నుంచి సెప్టెంబరు నడిమి దాకా ఉరుములు మెరుపులతో వేసవి వాన పడుతుంది. ఒక లోయలో కుండపోత, పక్క లోయలో చుక్క ఉండదు. డిసెంబరు నుంచి మార్చి దాకా పసిఫిక్ సముద్రం మీంచి వచ్చే ముసురు మాత్రం విశాలంగా, నెమ్మదిగా, రోజుల తరబడి తడుపుతుంది. వసంతకాలపు పూలకు చాలావరకు ఈ చలికాలపు ముసురే పెట్టుబడి.

ఆ వానైనా ఎంత? టూసాన్ నగరంలో ఏడాదికి ముప్పై సెంటీమీటర్ల లోపు, ఫీనిక్స్‌లో ఇరవై లోపు, కొలరాడో నది ఒడ్డున ఉన్న యూమాలో ఎనిమిది. కరువుకు మారుపేరుగా చెప్పుకునే మన అనంతపురం జిల్లా సగటు 55 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్కన టూసాన్‌కు అనంతపురం వానలో సగమే.

ఇంత తక్కువ వానతో కొండవాలు మొత్తం పసుపు పూలతో నిండిపోవడం ఎలా సాధ్యం? దీనికి సమాధానం వెతికినవారిలో డచ్చి మూలాలున్న వృక్షశాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ముఖ్యుడు. ఎడారి ఏకవార్షికాల గింజలు చిన్న జల్లుకు మోసపోవని ఆయన చూపించాడు. ఎన్నో గింజల పైపొరలో మొలకను ఆపే రసాయనాలుంటాయి. అవి కడుక్కుపోవాలంటే ఒక్క దఫాలో దాదాపు 25 మిల్లీమీటర్ల వాన కావాలి. అంత పడితే కిందిమట్టి దాకా తడి దిగిందని అర్థం. ఇంకో షరతు, ఆ వాన సరైన కాలంలో పడాలి. వసంతపు పూలకైతే అది సెప్టెంబరు చివరి నుంచి డిసెంబరు మొదటి రోజుల మధ్య. గింజ అప్పుడు మొలిచి, చలికాలమంతా ఆకులను నేలకు చదునుగా పరచుకుని, పగటి ఎండతో వెచ్చబడిన మట్టిని అంటిపెట్టుకుని ఉంటుంది. పైకి ఎదిగేది ఫిబ్రవరిలో. అంటే మార్చిలో మనం చూసే పువ్వుకు తీర్పు అక్టోబరులోనే అయిపోతుంది. ఫిబ్రవరిలో ఎంత వాన పడినా, అక్టోబరు, నవంబరు నెలలు ఎండిపోయిన ఏడు ఏకవార్షికాల నుంచి పెద్దగా ఆశించలేం.

అదను చూసి విత్తడం మన మెట్ట రైతుకు కొత్త కాదు. తొలకరి పదునుకే విత్తనమంతా చల్లి, తరవాత వాన మొహం చాటేస్తే తిరిగి చల్లడానికి గింజ ఉండదని ఆయనకు తెలుసు. ఈ అడవిమొక్కలూ అదే పాటిస్తాయి. ఎంత మంచి వాన పడినా గింజలన్నీ ఒకేసారి మొలవవు. కొన్ని మట్టిలోనే ఆగిపోతాయి. దీనికి 1966లో డాన్ కోహెన్ అనే శాస్త్రవేత్త గణిత రూపమిచ్చాడు. నేల మీద పరీక్షించి చూసింది అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన లారెన్స్ వెనబుల్ బృందం. టూసాన్ పక్కనే ఉన్న టూమమాక్ గుట్ట మీద గుర్తుపెట్టిన చిన్నచిన్న మళ్ళలో 1980ల మొదటి నుంచి ఏటా మొలకలను లెక్కపెడుతూ వచ్చారు. ఏ జాతికి దిగుబడిలో ఏటేటా ఎక్కువ ఒడుదుడుకులుంటాయో, ఆ జాతి తన గింజల్లో తక్కువ వంతునే మొలకెత్తిస్తుందని తేలింది. ఎక్కువ దెబ్బతినేది ఎక్కువ దాచుకుంటుంది.

ఆ గుట్టకు ఇంకో చరిత్ర కూడా ఉంది. 1903లో కార్నెగీ సంస్థ అక్కడ ఎడారి పరిశోధనశాల పెట్టింది. దక్కన్ రాయి లాంటి నల్ల అగ్నిశిలలతో కట్టిన ఆ భవనాలు ఇప్పటికీ ఉన్నాయి. 1908లో అక్కడ చేరిన ఫారెస్ట్ ష్రీవ్ తన జీవితమంతా ఈ ఎడారికే ఇచ్చి, దీన్ని ఏడు ఉపభాగాలుగా విడగొట్టి చూపించాడు. ఆయన 1950లో పోయాడు. ఐరా విగిన్స్‌తో కలిసి రాసిన బృహద్గ్రంథం 1964లో వెలువడింది. సొనోరన్ వృక్షసంపద మీద ఇవాళ ఎవరేం రాసినా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నేల మీది పూలు

వసంతంలో అందరి చూపూ పడేది బంగారు పాపీ మీద. ఇది గసగసాల మొక్క కుటుంబానిది. మన బీడుభూముల్లో ముళ్ళాకులతో పసుపుపచ్చగా పూసే బ్రహ్మదండి కూడా ఆ కుటుంబమే. అదీ అమెరికా నుంచి వచ్చినదే. బంగారు పాపీకి నాలుగు రేకులు, పట్టులాంటి నునుపు. ఎండ ఉంటేనే విచ్చుకుంటుంది. మబ్బు పట్టినా, గాలి ఎక్కువైనా, పొద్దు గుంకినా ముడుచుకుంటుంది. టూసాన్, ఫీనిక్స్ నగరాల మధ్య రహదారి పక్కనే ఉన్న పికాచో శిఖరం దీనికి పేరుబడ్డ చోటు. మంచి ఏడాదిలో ఫిబ్రవరి చివరి నుంచి మార్చి నడిమి దాకా ఆ కొండ మోకాళ్ళ దాకా పసుపు రాసుకున్నట్టు ఉంటుంది. ఉదయం ఎనిమిదింటికే వెళ్ళి, పూలు లేవని తిరిగొచ్చేవాళ్ళు ఏటా ఉంటారు. తొందర పడకుండా పదింటి దాకా ఆగాలి.

పాపీలతో కలిసి ఊదారంగు లుపిన్ పూస్తుంది. ఇది చిక్కుడు జాతి మొక్క. జనుము, జీలుగల్లాగే వేరుబుడిపెల్లో గాలిలోని నత్రజనిని నిలవచేసి, బక్క మట్టిని బాగుచేస్తుంది. పువ్వు పై రేకు మీద లేత పసుపు మచ్చ ఒకటుంటుంది. పుప్పొడి అంది, పువ్వు పని తీరాక ఆ మచ్చ ముదురు ఎరుపుకు మారుతుంది. తేనెటీగలు ఎర్రమచ్చ పువ్వుల జోలికి పోవు. వాటికి తిరుగుడు తప్పుతుంది. మొక్కకేమో ఇంకా ఫలించని పువ్వుల మీదికి ఈగలు చేరతాయి.

వీటి నడుమ ఊదా కుంచెల్లా నిలబడే గుడ్లగూబ క్లోవర్ సగం పరాన్నజీవి. ఆకుపచ్చగా ఉండి తన తిండి తాను కొంత వండుకుంటూనే, వేళ్ళను పక్కమొక్క వేళ్ళలోకి దించి రసం లాగుతుంది. పొగాకు చేలలో రైతుల ప్రాణం తీసే పొగాకు మల్లెది కూడా ఇదే కుటుంబం. పాపీలు, లుపిన్లు, గుడ్లగూబ క్లోవర్ కలిసి పరచుకున్న వాలును ఫొటోల్లో చూసి ముచ్చటపడేవారికి ఆ కిందిమట్టిలో జరుగుతున్న దొంగతనం కనపడదు.

ఇసుక నేలల కథ వేరు. కాలిఫోర్నియా భాగంలో 1930ల మొదట్లో ఏర్పడ్డ ఆన్జా-బొరేగో రాష్ట్రీయ ఉద్యానం ఆ రాష్ట్రంలోకెల్లా పెద్దది. ఆరు లక్షల ఎకరాలు దాటుతుంది. అక్కడి ఇసుకపర్రల మీద గులాబీ ఊదా రంగులో చాపలా పాకే మొక్క ఇసుక వెర్బీనా. పేరుకు వెర్బీనా గానీ నిజానికి చంద్రకాంత కుటుంబానిది. మన పెరళ్ళలో సాయంత్రం విచ్చే చంద్రకాంత, గట్ల మీద పాకే అటికమామిడి, గోడలెక్కే కాగితంపూల తీగ దీని దాయాదులు. దాని పక్కనే పెద్ద పెద్ద తెల్ల రేకులతో సంజె ప్రిమ్‌రోజ్ పొద్దు వాలాక విచ్చుకుంటుంది. దీని అతిథులు రాత్రిపూట తిరిగే తెల్లగీతల స్ఫింక్స్ చిమ్మటలు. ఎండాకాలం వచ్చేసరికి ఈ మొక్క ఎండి, కొమ్మలు పైకి ముడుచుకుని అచ్చం పిట్టల పంజరంలా మిగిలిపోతుంది. ఎడారి లిల్లీ కూడా ఇక్కడే కనిపిస్తుంది. దాని దుంప ఇసుకలో చాలా లోతున ఉండి, వాన చాలని ఏళ్ళలో పైకి రాకుండానే గడిపేస్తుంది.

అన్నీ ఇంత గొప్పగా కనిపించవు. గోరంత పూలు పూసే మొక్కలు పదుల రకాలున్నాయి. బోర్లా పడుకుంటే తప్ప కనపడవు కాబట్టి అక్కడివాళ్ళు వాటికి పొట్టపూలని సరదా పేరు పెట్టారు. నా మట్టుకు నాకు, కొండంతా పరచిన పసుపు కన్నా చిటికెన వేలిగోరంత పూవులో అయిదు రేకులూ కేసరాలూ లెక్కపెట్టగలగడమే ఎక్కువ ఆనందం. కాకపోతే లేచేముందు మోచేతి కింద ముల్లు ఉందేమో చూసుకోవాలి.

పొదలు, చెట్లు

ఏకవార్షికాలు మోసం చేసిన ఏడు కూడా పొదలు, చెట్లు పూస్తాయి. వాటికి వేళ్ళున్నాయి, నిలవ ఉంది. అందుకే ఎడారి వసంతాన్ని పాపీలతో కొలిచే అలవాటు సరైంది కాదు.

బ్రిటిల్‌బుష్ వీటిలో ముందుంటుంది. మోకాలెత్తు పొద, వెండిరంగు ఆకులు, పైన పొద్దుతిరుగుడు చెల్లెళ్ళలాంటి పసుపు పూలు. ఆకు మీది తెల్లటి నూగు ఎండను వెనక్కి కొడుతుంది. వాన తగ్గేకొద్దీ కొత్తగా వచ్చే ఆకులు ఇంకా తెల్లగా ఉంటాయి. కాండం నుంచి కారే జిగురును స్పానిష్ పాదరీలు చర్చిల్లో సాంబ్రాణిగా వేసేవారు. అందుకే స్పానిష్‌లో దీన్ని ఇన్సియెన్సో, అంటే ధూపం అన్నారు.

క్రియొసోట్ పొద ఎడారిలో చాలా మేర ఆక్రమించింది. చిన్న జిడ్డు ఆకులు, చిన్న పసుపు పూలు. చూపుకు ఆనదు గానీ, వాన పడితే ఎడారి మొత్తం దీని వాసనే. తొలకరికి మనకు మట్టివాసన ఎలాగో, అరిజోనావారికి క్రియొసోట్ వాసన అలాగ. చెప్పులో గుచ్చుకునే మన పల్లేరుది కూడా ఇదే కుటుంబం.

నారింజ రంగు గ్లోబ్‌మాలోను చూసి మందారం గుర్తుకొస్తే తప్పులేదు. బెండ, పత్తి, మందారాల కుటుంబమే. వీటి మీద ఆధారపడే చిన్న ఒంటరి తేనెటీగల్లో మగవి రాత్రిళ్ళు ఈ పువ్వుల్లోనే ముడుచుకు పడుకుంటాయి. ఎర్రటి గొట్టాల్లాంటి పూలతో చుపరోసా అనే పొద వాగుల వెంట కనిపిస్తుంది. ఇది అడ్డసరంతో ఒకే ప్రజాతి, జస్టీషియా. స్పానిష్‌లో చుపరోసా అంటే గులాబీని పీల్చేది. ఆ పేరు హమ్మింగ్‌బర్డ్‌ది, దాని తిండికీ అదే తగిలింది.

ఓకోతీయోను మొదటిసారి చూసినవారు చచ్చిన కట్టెల మోపు అనుకుంటారు. మొదట్లోంచి డజన్ల కొద్దీ ముళ్ళ బెత్తాలు పైకి లేచి ఉంటాయి, ఒక్క ఆకు ఉండదు. వాన పడిన కొద్దిరోజులకే ఆ బెత్తాలు నిలువునా చిగిర్చేస్తాయి. నేల ఆరగానే ఆకులు రాల్చేస్తాయి. ఏడాదిలో ఇలా ఎన్నిసార్లయినా జరగొచ్చు. కానీ మార్చి, ఏప్రిల్ నెలల్లో కొసన ఎర్రటి పూగుత్తులు మాత్రం వాన ఉన్నా లేకున్నా దాదాపు తప్పకుండా వస్తాయి. మెక్సికో నుంచి ఉత్తరానికి వలసపోయే హమ్మింగ్‌బర్డ్‌లకు దారిపొడుగునా ఇవే చలివేంద్రాలు.

మార్చి నెలాఖరులో పాలో వెర్దే చెట్లు మొదలవుతాయి. పేరుకు స్పానిష్‌లో పచ్చకర్ర అని అర్థం. బెరడే ఆకుపచ్చగా ఉండి, ఆకులు లేనప్పుడు ఎండను అదే పట్టి తిండి వండుతుంది. పాలో వెర్దే 1954 నుంచి అరిజోనా రాష్ట్ర వృక్షం. మన రోడ్ల పక్కన, కంచెల వెంబడి పెంచిన పార్కిన్‌సోనియాకు ఇది సొంత తోబుట్టువు. ఉగాది వచ్చే రోజులకు ఫీనిక్స్ పేటల్లో కాలిబాటలన్నీ రాలిన పాలో వెర్దే పూలతో పసుపుగా ఉంటాయి. అక్కడ వేపపువ్వు కోసం వెతుక్కునే తెలుగువారికి కనీసం పండుగ పసుపైనా దొరుకుతుంది.

ఆ చెట్ల కింద నేలను గమనిస్తే చేతివేలి లావు బొరియలు, వాటిపై రివ్వున తిరిగే బూడిదరంగు మగ తేనెటీగలు కనబడతాయి. ఆడ ఈగ ఇంకా మట్టిలోంచి బయటకు రాకముందే మగది వాసన పట్టి తవ్వి తీస్తుంది. దీన్ని ఏళ్ళ తరబడి పరిశీలించి రాసింది అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయపు జాన్ అల్కాక్. ఒంటరి తేనెటీగల రకాల్లో ఈ ఎడారి ప్రపంచంలోనే మిక్కిలి సంపన్నమైన చోట్లలో ఒకటి.

పక్షులు

ఎడారి పక్షుల్లో నడిచేవారికి మొదట వినిపించేది కాక్టస్ రెన్. చెడిపోయిన కారును పదేపదే స్టార్ట్ చేస్తున్నట్టు గరగరమనే గొంతు. 1931లో దీన్ని అరిజోనా రాష్ట్రపక్షిగా ఎంచుకున్నారు. రాష్ట్రపుష్పంగా సవారో అనే కాక్టస్ పువ్వు ఎంపికైందీ ఆ ఏడే. అమెరికా రెన్ పిట్టల్లో ఇదే పెద్దది. చోయా అనే కాక్టస్ ముళ్ళ నడుమ గడ్డితో పొడుగాటి బంతిలాంటి గూడు కట్టి, పక్క నుంచి సొరంగంలా దారి పెడుతుంది. పిల్లలకో గూడు, నిద్రకో గూడు. చేత్తో తాకితే చాలు ఒళ్ళంతా పట్టుకునే ఆ ముళ్ళలోకి ఈ పిట్ట ఎలా దూరి వస్తుందో ఎంతసేపు చూసినా అంతుపట్టదు. నీళ్ళు తాగాల్సిన అవసరం దీనికి చాలా తక్కువ; పురుగుల్లోని తడితోనే సరిపెట్టుకుంటుంది.

గాంబెల్ పూరేడుకు నుదుటి మీద కామా ఆకారంలో నల్లటి తురాయి. చలికాలం గుంపులుగా తిరిగి, వసంతంలో జంటలుగా విడిపోతాయి. చలికాలపు వాన బాగా పడి పచ్చటి లేతమొక్కలు దొరికిన ఏడు ఒక్కో జంట వెంట పది పన్నెండు పిల్లలు దూదిఉండల్లా దొర్లుతూ పరుగెడతాయి. వాన లేని ఏడు చాలా జంటలు గూడే పెట్టవు. పాపీలను పెంచిన వానే పూరేడు పిల్లలనూ లెక్కకడుతుందన్నమాట.

రోడ్‌రన్నర్ కార్టూన్ల వల్ల లోకానికంతా తెలుసు. అది కోకిల కుటుంబపు పక్షి అన్నది తెలిసినవారు తక్కువ. మన పొదల్లో మెల్లగా నడుస్తూ గుబ్‌గుబ్‌మనే జెముడుకాకిదీ ఆ కుటుంబమే. రెండింటికీ నేల మీద నడవడం ఇష్టం, బల్లులూ పురుగులూ తిండి. రోడ్‌రన్నర్ గంటకు ముప్పై కిలోమీటర్ల దాకా పరుగెత్తుతుంది, చిన్న పాములను రాతికేసి కొట్టి చంపుతుంది. చలిరాత్రి ఒంటి వేడిని కొంచెం తగ్గించుకుని, పొద్దున్నే ఎండకు వీపు పెట్టి ఈకలు లేపి నిలబడుతుంది. వీపు మీది చర్మం నలుపు. ఎండను ఇట్టే పీల్చుకుంటుంది. రెండు వేళ్ళు ముందుకు, రెండు వెనక్కి ఉండటంతో ఇసుకలో దాని అడుగు ఇంటూ గుర్తులా పడుతుంది. ఎటు పోయిందో ఆ గుర్తును బట్టి చెప్పలేం.

కోస్టా హమ్మింగ్‌బర్డ్ బరువు మూడు గ్రాములు. మగదాని గొంతు మామూలుగా నల్లగా కనిపించి, తల తిప్పగానే ఊదారంగులో భగ్గున మెరుస్తుంది. భారతదేశంలో హమ్మింగ్‌బర్డ్‌లు లేవు. మన తేనెపిట్ట చేసే పని అదే అయినా, వంశం వేరు. ఎడారిలో మిగతా పక్షులు గూళ్ళ ఆలోచన మొదలుపెట్టకముందే, జనవరి ఫిబ్రవరి నెలల్లోనే కోస్టా జతకడుతుంది. చుపరోసా, ఓకోతీయో పూలున్నన్నాళ్ళూ ఉండి, ఎండలు ముదిరేసరికి చాలావరకు తీరప్రాంతాల వైపు వెళ్ళిపోతుంది.

ఈ పక్షులన్నిటిలో ఒక్కదాన్నే చూడనిస్తామంటే ఫైనోపెప్లాను ఎంచుకోవచ్చు. గ్రీకులో ఆ పేరుకు మెరిసే అంగీ అని అర్థం. మగది నిగనిగలాడే నలుపు, ఎర్రటి కళ్ళు, తల మీద చెదిరిన జుట్టు, ఎగిరినప్పుడు రెక్కల్లో తెల్లటి మెరుపు. దీని ప్రధాన ఆహారం ఎడారి బదనిక పళ్ళు. మామిడి కొమ్మల మీద మన బదనిక ఎలా పుడుతుందో, ఇదీ మెస్కీట్, పాలో వెర్దే చెట్ల మీద అలాగే పుడుతుంది. పక్షి పండు తిని రెట్ట వేస్తే జిగురుతో సహా గింజ కొమ్మకు అతుక్కుంటుంది. ఫైనోపెప్లాకు బదనిక కావాలి, బదనికకు ఫైనోపెప్లా కావాలి, ఖర్చంతా చెట్టుది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎడారిలో గూడు పెట్టి పిల్లల్ని లేపిన ఈ పక్షి, వేసవి రాగానే కొండల్లోని ఓక్ అడవులకు పోయి మళ్ళీ గూడు పెడుతుంది. ఒకే ఏడు రెండు ఊళ్ళలో రెండు సంసారాలు నడిపే పక్షులు ప్రపంచంలో బహు కొద్ది.

పూర్‌విల్ అనే రాత్రిపిట్టది మరో విడ్డూరం. 1946 డిసెంబరులో ఎడ్మండ్ యేగర్ అనే ప్రకృతిశాస్త్రవేత్త కాలిఫోర్నియా భాగంలోని చక్‌వాలా కొండల్లో రాతిగూటిలో కదలక పడిఉన్న ఈ పక్షిని చూశాడు. చచ్చిందనుకుంటే బతికే ఉంది. వారాల తరబడి నిద్రపోయే పక్షి ఉందని శాస్త్రలోకానికి రుజువైంది అప్పుడే. హోపీ తెగవారు మాత్రం దానికి నిద్రపోయేది అనే అర్థం వచ్చే పేరు ఎప్పుడో పెట్టుకున్నారు. మార్చి సంజెల్లో దాని రెండక్షరాల కూత వినపడిందంటే నిద్ర లేచినట్టు.

కాలిఫోర్నియా భాగంలోని బొరేగో లోయ మీంచి ఫిబ్రవరి చివర, మార్చి నెలల్లో స్వెయిన్‌సన్ డేగలు ఉత్తరానికి వెళతాయి. అర్జెంటీనా పచ్చికమైదానాల నుంచి దాదాపు పదివేల కిలోమీటర్ల ప్రయాణం. పూలు బాగా పూసిన ఏడు స్ఫింక్స్ చిమ్మట గొంగళిపురుగులు లోయంతా పాకుతుంటే, ఈ డేగలు నేల మీద దిగి కోళ్ళలా ఏరుకు తింటాయి. 1995-96లో అర్జెంటీనా పొలాల్లో మిడతల కోసం చల్లిన మందుకు ఈ డేగలు వేల సంఖ్యలో చచ్చిపడ్డాయి. ఆ మందు పేరు మోనోక్రోటోఫాస్. మన పత్తి రైతులకు పరిచయం అక్కర్లేని పేరు. తరవాత అర్జెంటీనా దాన్ని కట్టడి చేసింది.

సవారో అనే మహావృక్షం

ఏప్రిల్ దాటాక నేలమీది పూలు గింజకట్టి ఎండిపోతాయి. అప్పుడు సవారో వంతు. శాస్త్రనామం కార్నెజియా జైగాంటియా. పరిశోధనశాల పెట్టించిన ఆండ్రూ కార్నెగీ పేరే దానికీ వచ్చింది. పన్నెండు మీటర్ల దాకా పెరిగి, నూటయాభై ఏళ్ళకు పైగా బతికే ఈ కాక్టస్‌కు మొదటి చెయ్యి మొలిచేసరికే యాభై, డెబ్భై ఏళ్ళు పడుతుంది. పిల్లమొక్క తరచు పాలో వెర్దే లాంటి చెట్టునీడన బతికి బట్టకడుతుంది. తరవాత నీడనిచ్చిన చెట్టునే మించి ఎదుగుతుంది.

గిలా వడ్రంగిపిట్ట సవారోను తొలిచి గూడు చేసుకుంటుంది. గాయం చుట్టూ కాక్టస్ గట్టి పెంకు కట్టుకుని మాన్పుకోవడానికి నెలలు పడుతుంది కాబట్టి తొలిచిన బొర్రలో పిట్ట వెంటనే కాపురం పెట్టదు. అది వదిలిన బొర్రల్లోకి మార్చిలో మెక్సికో నుంచి ఎల్ఫ్ గుడ్లగూబ దిగుతుంది. బరువు నలభై గ్రాములు, పిచ్చుకంత పొడవు, ప్రపంచంలోని అతిచిన్న గుడ్లగూబ. సవారో చచ్చి కుళ్ళిపోయాక ఆ పెంకు బూటు ఆకారంలో మిగులుతుంది. ఈ ఎడారి ఆదివాసులైన తొహోనో ఓధమ్ ప్రజలు దాన్ని పాత్రగా వాడుకునేవారు.

పువ్వు మే, జూన్ నెలల్లో రాత్రి విచ్చి మర్నాటి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఆ కొద్ది గంటల్లో రాత్రి గబ్బిలాలు, పగలు తేనెటీగలు, తెల్లరెక్కల గువ్వలు వస్తాయి. ఈ గువ్వ శాస్త్రనామం జెనైడా ఏషియాటికా. ఆసియాకు దీనికీ సంబంధమే లేదు. వెస్టిండీస్ నుంచి వచ్చిన సమాచారంలోని ఇండీస్ అన్న మాట ఆ పేరు పెట్టిన శాస్త్రవేత్త లిన్నేయస్ కాలంలో చేసిన తికమక అది. 1758లో పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. గువ్వలు సవారో పూతకు ముందే మెక్సికో నుంచి చేరి, తేనె తాగి, పళ్ళు తిని, వేసవి చివర వెళ్ళిపోతాయి. జూన్‌లో తొహోనో ఓధమ్ కుటుంబాలు సవారో ఈనెలతోనే చేసిన పొడుగాటి దోటీలతో పళ్ళు రాల్చి పాకం కాస్తారు. ఆ పాకాన్ని పులియబెట్టి చేసిన పానీయాన్ని తాగుతూ వానను పిలిచే పండుగ వారికి కొత్త సంవత్సరారంభం.

గడ్డి, ఆవాలు, మనుషులు

ఈ ఎడారి మొక్కలకు మంట అలవాటు లేదు. మొక్కకూ మొక్కకూ మధ్య బోసినేల ఉండటంతో నిప్పు పాకేది కాదు. ఇప్పుడా బోసినేలను బఫెల్ గడ్డి నింపేస్తోంది. ఆఫ్రికా, మన దేశంతో సహా ఆసియా మెట్టభూములు దీని పుట్టిల్లు. మన పశుగ్రాస కేంద్రాల్లో అంజన్ గడ్డి అంటే ఇదే. 1930లలో పశువుల మేతకు, నేలకోతను ఆపడానికి అమెరికావాళ్ళే తెచ్చుకున్నారు. ఎండితే పెట్రోలు పోసినట్టు మండి, మళ్ళీ వేరు నుంచి చిగిరిస్తుంది. సవారో తిరిగి రాదు. ఇసుకనేలల్లో ఇదే పని సహారా ఆవాలు చేస్తోంది. వానకు అందరికన్నా ముందు మొలిచి, ఇసుక వెర్బీనాకూ ప్రిమ్‌రోజ్‌కూ చోటు లేకుండా చేస్తుంది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన సర్కారు తుమ్మ మన చెరువుగట్లను ఆక్రమించిన తీరు చూసినవారికి ఈ కథ వివరించనక్కర్లేదు. స్వచ్ఛంద కార్యకర్తలు పలుగులు పట్టుకుని గడ్డి దుబ్బులు తవ్వుతున్నారు. పని మనుషుల చేతుల కన్నా పెద్దది.

జనం ఇంకో సమస్య. 2017లో బొరేగోలో పూలు విరగబూసినప్పుడు ఆ చిన్న ఊరు కార్లతో స్తంభించింది. 2019 మార్చిలో ఎడారికి ఆవల, కాలిఫోర్నియాలోని లేక్ ఎల్సినోర్ దగ్గర పాపీల కోసం ఎగబడ్డ జనాన్ని తట్టుకోలేక నగరపాలకులు దారి మూసేయాల్సి వచ్చింది. ఫొటో కోసం పూలలో పడుకున్నవాళ్ళు నలిపింది ఆ ఏటి పువ్వునే కాదు, వచ్చే ఏళ్ళ గింజను కూడా.

నడవబోయేవారికి

పాపీల కోసమైతే ఫిబ్రవరి చివర నుంచి మార్చి నడిమి దాకా, పాలో వెర్దే కోసం ఏప్రిల్, సవారో పువ్వుకు మే నెల తెల్లవారుజామున వెళ్ళాలి. పక్షులకు పొద్దుపొడిచిన మొదటి రెండు గంటలే గంటలు. టూసాన్ పక్కన సవారో జాతీయ ఉద్యానం, 1952లో మొదలైన అరిజోనా-సొనోరా ఎడారి మ్యూజియం కొత్తవారికి మంచి ఆరంభం. మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్ళు ఉండాలి. మార్చి నుంచి గిలక్కాయ పాములు ఎండకు బయటకు వస్తాయి కాబట్టి చెయ్యి పెట్టేచోటు, కాలు వేసేచోటు ముందు చూసుకోండి. పూలు కోయడం, మొక్కలు పీకడం చాలాచోట్ల చట్టరీత్యా నేరం. జేబులో పళ్ళు పెద్దవిగా ఉన్న దువ్వెన ఒకటి పెట్టుకోండి. చోయా ముల్లు గుచ్చుకుంటే చేత్తో లాగొద్దు, ఆ చెయ్యీ ఇరుక్కుంటుంది. దువ్వెనను ముల్లుకూ చర్మానికీ మధ్య దూర్చి ఒక్కసారిగా విసిరెయ్యాలి.